బూజు కాని బూజు

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే మా బాబాయి ఫోన్ చేశాడు. కోనసీమలో మాకు ఉమ్మడిగా మిగిలిన ఎకరంన్నర కొబ్బరితోటని ఆయనే చూసుకుంటాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇంకో మూడు చెట్లు మొవ్వు వాల్చేశాయిరా. మొవ్వాకు పట్టుకుని లాగితే చేతికొచ్చేత్తంది. ఒకటే కంపు. కొట్టోడిచ్చిన మందు రెండుసార్లు పోయించాను, ఏం లాభం లేదు. నువ్వేదైనా కంప్యూటర్లో చూసి చెప్తావేమోనని..."

మా ఊళ్ళో వాళ్ళ దృష్టిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే టీవీ రిమోట్ నుంచి చెట్టు జబ్బు దాకా అన్నిటికీ కంప్యూటర్లో జవాబు దొరకబుచ్చుకునేవాడు. సరే, మందు పేకెట్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టించమన్నాను. చూస్తే కార్బెండజిమ్. బూజు తెగుళ్ళకి బాగా పేరున్న మందే. నకిలీదీ కాదు, తారీకు దాటిపోయిందీ కాదు. వచ్చిన చిక్కల్లా ఏంటంటే, కొబ్బరి మొవ్వు కుళ్ళు తెప్పించేది బూజు కాదు. బూజులా కనిపిస్తుంది, బూజులా పాకుతుంది, బూజులా బీజాలు చల్లుతుంది. కానీ బూజు కాదు.

ఈ సంగతి నాకూ అంతకుముందు తెలీదు. ఆ రోజు మొదలుపెట్టి రెండు మూడు వారాలపాటు రాత్రిళ్ళు కూర్చుని చదివాను. చదువుతుంటే ఐర్లండు కరువు నుంచి మా గోదావరి తాటితోపుల దాకా ఒకే తీగ లాగినట్టు వచ్చింది. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ కథ బాగా అర్థమవుతుందనిపించి రాస్తున్నాను. ఎందుకంటే ఇది మొదట్నుంచి చివరిదాకా ఒక బగ్‌ని తప్పుగా గుర్తుపట్టిన కథ.

1845కి వెళ్దాం. ఆ వేసవిలో బెల్జియంలో బంగాళదుంప చేలు ఉన్నట్టుండి నల్లబడి, కంపుకొట్టి, కుళ్ళిపోవడం మొదలైంది. సెప్టెంబరుకల్లా ఆ జబ్బు ఐర్లండుకి చేరింది. అక్కడి పేదలకి బంగాళదుంపంటే కూర కాదు, అన్నం. మూడు పూటలా అదే. 1841 జనాభా లెక్కల్లో ఐర్లండులో దాదాపు 82 లక్షలమంది ఉంటే, 1851 లెక్కలకి 65 లక్షలయ్యారు. సుమారు పది లక్షలమంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన జబ్బులతో చచ్చిపోయారు. అంతకంటే ఎక్కువమందే ఓడలెక్కి దేశం వదిలిపోయారు.

దీనికంతటికీ ఒక సూక్ష్మజీవి మాత్రమే కారణమంటే అది అన్యాయం. ఒకే పంట మీద బతకాల్సిన పరిస్థితి, కౌలు పద్ధతులు, జనం చస్తున్నా దేశంలోంచి ధాన్యం ఎగుమతి ఆపని ప్రభుత్వం... ఇవన్నీ ఉన్నాయి. తిండిగింజలు బయటికిపోతుంటే జనం చావడం మనకి తెలియని కథేం కాదు. కానీ ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ఇంకో ముక్క. అసలు దుంప ఎందుకు కుళ్ళుతోంది అన్న ప్రశ్నకి అప్పటి పెద్దలు ఏం జవాబు చెప్పారన్నది.

అప్పట్లో ఇంగ్లండులో తోటల విషయంలో జాన్ లిండ్లీ మాటంటే మాటే. ప్రొఫెసరు, పైగా 'గార్డెనర్స్ క్రానికల్' పత్రిక సంపాదకుడు. ఆయన సిద్ధాంతం ఏంటంటే, ఆ ఏడు వానలెక్కువై, ఎండ తక్కువై, మొక్క తాగిన నీళ్ళని వదిలించుకోలేక లోపల కుళ్ళిపోయిందని. మరి ఆకుల మీద కనిపించే తెల్లటి బూజు? అది కుళ్ళిన తర్వాత పుట్టింది, అంతే. కుళ్ళు కారణం, బూజు ఫలితం. ఇంకొంతమందైతే కొత్తగా వచ్చిన రైలింజన్ల వల్ల గాల్లోకి చేరిన విద్యుత్తే దీనికి కారణమన్నారు. నవ్వకండి. నిన్నటిదాకా బాగా నడిచిన సర్వరు ఈరోజు పడిపోతే, నిన్న కొత్తగా ఏం మారిందో దానిమీదకి తోసెయ్యడం మనమూ రోజూ చేసే పనే.

బ్రిటిష్ ప్రభుత్వం 1845 అక్టోబరులో లిండ్లీని, రసాయన శాస్త్రవేత్త లయన్ ప్లేఫేర్‌ని ఐర్లండు పంపింది. అక్కడి రాబర్ట్ కేన్ వాళ్ళతో కలిశాడు. ఈ సంఘం రైతులకి ఇచ్చిన సలహా: దుంపల్ని పొడిగా ఉంచండి, గాలాడే గుంతల్లో దాచండి, కుళ్ళినవాటిలోంచి పిండి తీసుకోండి. పాపం, రైతులు చెప్పినట్టే చేసినా గుంతల్లోనే కుళ్ళిపోయాయి. తడి వల్ల వచ్చింది కాబట్టి ఆరబెడితే పోతుంది! మూలకారణం తప్పైతే ప్యాచ్ ఎంత శ్రద్ధగా వేసినా ఇంతే.

ఇదిలా ఉండగా మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ అని ఒక చర్చి ఫాదరీ ఉన్నాడు. నార్తాంప్టన్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. తీరిక దొరికితే చాలు, మైక్రోస్కోపు కింద బూజులు పెట్టుకుని చూడటమే ఆయన పని. పారిస్‌లో ఆయనకి కామీ మోంటాన్ అని ఒక నేస్తం, ఒకప్పుడు నెపోలియన్ సైన్యంలో పనిచేసిన డాక్టరు. ఆ బంగాళదుంప బూజుకి 1845లో 'బోట్రైటిస్ ఇన్ఫెస్టాన్స్' అని పేరు పెట్టింది ఈయనే. బర్క్‌లీ 1846 జనవరిలో ఒక పెద్ద వ్యాసం అచ్చువేయించాడు. అందులో ఆయన చెప్పింది ఒకటే: మీరు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నారు, బూజు ముందు, కుళ్ళు తర్వాత అని. కానీ అప్పటికింకా పాశ్చర్ లేడు, కోహ్ లేడు. జీవులు కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయని పెద్ద పెద్దవాళ్ళే నమ్ముతున్న రోజులు. ఆయన మాటని ఎక్కువమంది పట్టించుకోలేదు. ఆయన దగ్గరా చూసిన బొమ్మలున్నాయి గానీ, చేసి చూపించిన ప్రయోగం లేదు.

ఆ ప్రయోగం చేసినవాడు ఆంటన్ డి బారీ, జర్మన్. చదివింది వైద్యమే అయినా మొక్కల మీదకి మళ్ళాడు. 1861లో ఆయన చేసింది మన భాషలో చెప్పాలంటే బగ్‌ని రీప్రొడ్యూస్ చెయ్యడం. ఆరోగ్యంగా ఉన్న మొక్కల్ని రెండు జట్లు చేశాడు. రెండిటికీ ఒకే తడి, ఒకే చలి. ఒక జట్టుకి మాత్రం బీజాలు అంటించాడు. అంటించినవే కుళ్ళాయి. తడి ఒక్కదాంతో ఏ మొక్కా కుళ్ళలేదు. లిండ్లీ వాదం అక్కడితో సరి.

అంతకంటే గొప్ప విషయం, ఆయన ఆ జీవి బతుకు చక్రాన్ని మొత్తం కూర్చుని గమనించడం. ఆకు అడుగున చిన్న కొమ్మలు బయటికొస్తాయి. వాటి చివర నిమ్మకాయల్లాంటి సంచులు. గాలికి రాలి, ఎగిరి, ఇంకో ఆకు మీది నీటిబొట్టులో పడతాయి. కాస్త వెచ్చగా ఉంటే సంచి నేరుగా మొలకెత్తుతుంది. చల్లగా ఉంటే మాత్రం సంచి లోపలి పదార్థం ముక్కలై, ఒక్కో ముక్కా రెండు తోకలున్న చిన్న జీవిలా బయటికొచ్చి ఆ నీటిబొట్టులో ఈత కొడుతుంది! కాసేపు ఈది, ఆకు మీద కుదురుకుని, తోకలు వదిలేసి, గోడ కట్టుకుని, మొలకెత్తి లోపలికి దూరుతుంది. వాతావరణం కలిసొస్తే ఐదారు రోజుల్లో మళ్ళీ కొత్త సంచులు. ఒక చేను వారంలో ఎలా మాడిపోయిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా. లిండ్లీ చెప్పిన తడి అబద్ధం కాదు. అది కారణం కాదు, దారి మాత్రమే.

1876లో డి బారీ దీనికి కొత్త పేరు పెట్టాడు, 'ఫైటాఫ్తొరా' అని. గ్రీకులో మొక్కల వినాశనం అని అర్థం. కోహ్ ఆంత్రాక్స్ మీద తన పని ప్రకటించింది కూడా ఆ ఏడాదే. అంటే మనుషుల జబ్బులకి సూక్ష్మజీవులు కారణమని లోకం పూర్తిగా ఒప్పుకోకముందే మొక్కల విషయంలో అది తేలిపోయిందన్నమాట.

ఇక మందు సంగతి. అది దొరకడం మాత్రం యాదృచ్ఛికమే. ఫ్రాన్సులో ద్రాక్షతోటలకి దీనికి చుట్టమైన ఇంకో తెగులు పట్టింది. బోర్డో యూనివర్సిటీలో ప్రొఫెసర్ మిల్లార్డే, డి బారీ దగ్గర చదువుకున్నవాడే, 1882లో ఒక తోట పక్కనుంచి పోతూ రోడ్డు వారగా ఉన్న తీగలు మాత్రం పచ్చగా ఉండటం చూశాడు. కనుక్కుంటే, దారినపోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోకుండా ఆ వరసలకి మైలతుత్తం, సున్నం కలిపి చల్లారట, విషంలా కనిపించడానికి. దాన్ని పరీక్షించి 1885లో ప్రకటించాడు. మన రైతులు ఈనాటికీ వాడే బోర్డో మిశ్రమం అదే. కిలో మైలతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు కలిపితే ఒక శాతం మిశ్రమం.

ఇప్పుడు మన గోదావరికి వద్దాం.

1900ల తొలి ఏళ్ళలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు తలలు వాల్చేయడం మొదలుపెట్టాయి. కొబ్బరి, పోక కూడా. తాటిచెట్టంటే అప్పటి పల్లెకి ఇంటి కప్పు, దూలం, కల్లు, బెల్లం, ముంజెలు, తేగలు అన్నీను. వీటికి ఇంకో బలహీనత ఉంది. వేపచెట్టుకి కొమ్మ నరికితే ఇంకో కొమ్మ వేస్తుంది. తాటికీ కొబ్బరికీ పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. అది కుళ్ళితే చెట్టంతా పోయినట్టే. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆకుల మొదళ్ళలో నిలిచే వాననీళ్ళేమో ఈదే బీజాలకి చెరువు.

ఈ జబ్బు సంగతి తేల్చింది ఎడ్విన్ జాన్ బట్లర్. భారత ప్రభుత్వం 1901లో నియమించుకున్న మొదటి శిలీంధ్ర శాస్త్రవేత్త, తర్వాత బీహారులోని పూసా పరిశోధన సంస్థలో పనిచేశాడు. ఈయన ఎక్కడివాడో తెలుసా? ఐర్లండు. 1874లో క్లేర్ జిల్లాలోని కిల్కీలో పుట్టాడు, కార్క్‌లో వైద్యం చదివాడు. ఏ జీవి తన దేశాన్ని ఖాళీ చేయించిందో దాని సోదరజాతిని ఆయన మన తాటిచెట్ల మొవ్వుల్లో పట్టుకున్నాడు. చదువుతూ ఇక్కడికొచ్చేసరికి నేను కాసేపు ఆగిపోయాను.

అయితే మొదట ఆయనా దాన్ని వేరే ఖాతాలో వేశాడు. 1907లో 'పిథియమ్ పామివోరమ్' అని పేరు పెట్టాడు. పిథియమ్‌కీ ఫైటాఫ్తొరాకీ తేడా చాలా చిన్నది. పిథియమ్‌లో సంచి లోపలి పదార్థం ముందు బయట ఒక పల్చటి బుడగలోకి వచ్చి, అక్కడ ఈదే బీజాలుగా విడిపోతుంది. ఫైటాఫ్తొరాలో సంచి లోపలే తయారై బయటికొస్తాయి. 1919లో బట్లరే పేరు సరిదిద్ది 'ఫైటాఫ్తొరా పామివోరా' అన్నాడు. ఆ మధ్యలో, 1913లో, పూసాలోనే దస్తూర్ ఆముదం మొక్క మీద ఇంకో ఫైటాఫ్తొరాని వర్ణించాడు. మన తాటితోపుల వల్ల సైన్సుకి తెలిసిన ఈ జీవే ఈరోజు ప్రపంచంలో సగం ఉష్ణదేశాల్లో కోకో కాయలు నల్లగా కుళ్ళడానికి, బొప్పాయి, రబ్బరు, దురియన్ జబ్బులకి పేరుమోసింది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి మధ్యలో కోకో వేసిన రైతులకి రెండు పంటలకీ శత్రువు ఒక్కటే.

అప్పుడు గోదావరిలో దీనికి చేసిన వైద్యం, జబ్బు పడ్డ చెట్ల తలలు నరికించి తగలబెట్టించడం. మొరటుగా అనిపిస్తుంది గానీ, బతుకు చక్రం తెలిసినవాడు చెప్పే వైద్యమే అది. కుళ్ళిన మొవ్వే బీజాల ఫ్యాక్టరీ. దాన్ని ఉంచి పక్క చెట్లకి ఏం పోసినా దండగే.

ఇంతకీ ఇది బూజు కాదని ఎప్పుడు తెలిసింది? సాక్ష్యం మొదట్నుంచీ కళ్ళముందే ఉంది. నిజమైన బూజుల్లో దాదాపు దేనికీ ఈత రాదు. దీనికి వచ్చు, పైగా రెండు తోకలు, అందులో ఒకదానికి సన్నటి నూగు. 1850ల్లోనే ప్రింగ్స్‌హైమ్ అనే ఆయన ఈ నీటిబూజుల సంపర్క భాగాలు కొన్ని నాచుల్ని పోలి ఉన్నాయని రాశాడు. తర్వాత కణపు గోడ చూస్తే బూజుల్లో ఉండే కైటిన్ కాదు, మొక్కల్లో ఉండే సెల్యులోజ్. బూజు పోగుల్లో మామూలుగా ఒక జత క్రోమోజోములుంటే, దీంట్లో మనకిలాగే రెండు జతలు. ఇన్ని తేడాలున్నా పోగుల్లా పెరుగుతుంది, బీజాలు చల్లుతుంది కాబట్టి పాఠాల్లో బూజుల పక్కనే కూర్చోబెట్టారు. 1980ల చివర్లో జన్యువుల వరసలు పోల్చి చూశాకగాని అసలు వంశవృక్షం తేలలేదు. దీని దగ్గరి చుట్టాలు సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచులు, డయాటములు. అసలు బూజులేమో మొక్కలకంటే జంతువులకే, అంటే మనకే, దగ్గర! పుట్టగొడుక్కి మనం చుట్టాలం గానీ ఫైటాఫ్తొరా కాదు. ఇంటర్‌ఫేస్ ఒకటే, ఇంప్లిమెంటేషన్ పూర్తిగా వేరు.

ఇంకో చిక్కుముడి. బంగాళదుంప తెగులు జీవికి ఆడామగా కలిసి ఏర్పడే బీజాల కోసం డి బారీ ఎంత వెతికినా దొరకలేదు. దొరకవు మరి. దీంట్లో ఏ1, ఏ2 అని రెండు రకాలుంటాయి, రెండూ కలిస్తేనే ఆ బీజం. మెక్సికో బయట ప్రపంచమంతా పాకింది ఏ1 ఒక్కటే. 1950ల్లో మెక్సికోలోని తొలూకా లోయలో రెండూ కలిసి కనిపించాయి. 1984లో యూరప్‌లోనూ ఏ2 ఉందని ప్రకటించారు. అప్పట్నుంచి బెడద ఇంకో రకం. కలిసి పుట్టిన బీజం నేలలో ఏళ్ళ తరబడి బతుకుతుంది, కొత్త రకాలు పుడతాయి. 13_ఏ2 అనే రకం మన దక్షిణాదిలో టమాటా, బంగాళదుంప పంటల మీదా తేలింది. 2013లో కొంతమంది పరిశోధకులు మ్యూజియముల్లో దాచిన కరువుకాలం నాటి ఎండుటాకుల్లోంచి డీఎన్ఏ తీసి, ఐర్లండుని ముంచిన రకం ఏదో గుర్తుపట్టారు. నూట అరవై ఏళ్ళ తర్వాత లాగ్ ఫైలు తెరిచినట్టు.

"అది బూజైతేనేం, నాచు చుట్టమైతేనేం, పేరులో ఏముంది?" అంటారా? మా బాబాయి పేకెట్టులో ఉంది. కార్బెండజిమ్ బూజు కణంలో ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని కణ విభజన ఆపుతుంది. ఫైటాఫ్తొరా ట్యూబ్యులిన్ మీద దాని పట్టు చిక్కదు. ఇంకో పెద్ద కుటుంబం మందులు బూజు తయారుచేసుకునే ఎర్గోస్టిరాల్‌ని ఆపుతాయి. ఫైటాఫ్తొరా అసలు దాన్ని తయారే చేసుకోదు. లేని ఫంక్షన్‌ని బ్లాక్ చేసి ఏం లాభం? దీనికంటూ పనిచేసే మెటలాక్సిల్ లాంటి మందులు 1970ల చివర్లో వచ్చాయి. వాటినీ ఒక్కదాన్నే పదేపదే కొడితే ఏమవుతుందో 1980లోనే ఐర్లండు బంగాళదుంప చేలల్లో తెలిసింది, మందుకి లొంగని రకం తయారైంది. రాగి మందు మాత్రం పాతదే అయినా ఇప్పటికీ పనిచేస్తోంది.

నేను చెట్ల డాక్టర్ని కాను కాబట్టి ఇదంతా బాబాయికి ఉపన్యాసం ఇవ్వలేదు. "అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది కదా బాబాయ్, ఓ కుళ్ళిన ముక్క పట్టుకెళ్ళి చూపించు, ఆ పాత మందు మాత్రం ఆపెయ్" అన్నాను. మొదట్లోనే ఉన్న ఒక చెట్టుకి కుళ్ళంతా చెక్కేసి, బోర్డో పేస్టు పూసి, వాన పడకుండా కప్పమన్నారట. పూర్తిగా పోయిన రెండిటినీ కొట్టేసి తగలబెట్టమన్నారు. చుట్టుపక్కల వాటికి మొవ్వులో బోర్డో మిశ్రమం. చెట్లు కొట్టించిన రోజు బాబాయి ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. "మీ తాత పాతిన చెట్లురా అవి" అన్నాడు, అంతే.

కొట్టోణ్ణి తిట్టుకుని లాభం లేదు. బూజు తెగులుకి బూజు మందిచ్చాడు, ఆయనకి చెప్పినవాళ్ళు అలానే చెప్పుంటారు. కానీ ఇలా ఎన్ని ఊళ్ళలో ఎంతమంది అప్పు చేసి పనికిరాని మందు కొట్టిస్తున్నారో అని మాత్రం అనిపిస్తుంది. 1845లో ఐర్లండు రైతుకి జవాబు చెప్పగల విద్య లోకంలో లేదు. ఇప్పుడుంది. పుస్తకాల్లో ఉంది, పరిశోధన కేంద్రాల్లో ఉంది. పేకెట్టు మీద మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో, మా బాబాయి చదవలేని సైజులో ఉంది. మనలో ఊళ్ళో పొలమో తోటో ఉన్నవాళ్ళు చాలామందే. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాన పడిందా, రేటెంతుంది అన్న మాటలతో పాటు ఏ తెగులుకి ఏ మందు కొడుతున్నారో కూడా ఒకసారి అడగండి. పేకెట్టు ఫోటో తెప్పించుకోండి.

అన్నట్టు, ఆ పేస్టు పూసిన చెట్టు సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. నడినెత్తిన జానెడు కొత్త ఆకు, కొంచెం వంకరగా. బతికినట్టే అంటున్నాడు బాబాయి.